ఈరన్నకు ఎత్తు బెల్లం

డెబ్బై తొమ్మిదిలో ఉగాది మర్నాడు, కైరుప్పలలో పిడకల కొట్లాట నడిమధ్య మా ఇంటాయన కూలబడితే ఊరంతా నవ్వినారు. నవ్వరా మరి? పేరు చూస్తే భీమప్ప. పండగ ముందు ఆయన తూకం పని చేసే ఆదోని మార్కెట్లో హమాలీలు సరదాకు పత్తి కాటా మీద కూర్చోబెట్టి తూస్తే తొంభై ఎనిమిది కిలోలు. అట్లాంటి మనిషి రెండు చేతుల్లో పిడకలు పట్టుకొని పది అడుగులు పరిగెత్తి దబీమని కూర్చుంటే ఎవురు నవ్వరు? ఆ ఊర్లో ఏటా అంతే, జనం రెండు వైపులా చీలి పిడకలతో కొట్టుకుంటారు, తగిలినోళ్లు గుడిలో విభూతి పూసుకొని ఇంటికి పోతారు. "భీమప్పకు గట్టిగా తగిలిందిరోయ్" అని ఎదుటి గుంపులో ఎవుడో అరిచినాడు. చుట్టాల మిద్దె మీద నిలబడి చూస్తాండిన నేనూ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వినదాన్నే. ఇప్పుడు తల్చుకున్నా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆయనకు పిడక తగల్లేదు. నేను దిగి పోయేసరికి చొక్కా తడిసి ముద్దయింది, మొగంలో నెత్తురు లేదు. నా చెయ్యి పట్టుకొని, "ఉరుకుందా, ఎద మీద ఎవురో కూర్చున్నట్లుందే, లెయ్యమని సెప్పు" అన్నాడు.

ఎద్దుల బండిలో ఆస్పరికి, ఆడ దొరికిన లారీలో కర్నూలు పెద్దాసుపత్రికి. లారీ ముందర సీట్లో ఆయన తల నా తొడ మీద. దోవ పొడుగూతా నేను ఒకటే మాట అనుకుంటా పోయినా. "ఈరన్నా, ఈయప్పను లేపి నాకిస్తే, శ్రావణంలో నీ గుడికొచ్చి ఈయప్ప ఎత్తు బెల్లం తూచి ఇస్తా." నేను ఊరికే నోటికొచ్చింది మొక్కే దాన్ని కాదు. మా అమ్మకు ఏడేండ్లు పిల్లల్లేకుంటే ఉరుకుంద ఈరన్నకు మొక్కుకొని నన్ను కనింది. నా పేరే ఆ ఊరిది. ఆయప్పకు ఇస్తానని ఇవ్వకుంటే ఏమవుతుందో నాకు ఉగ్గుపాలతో చెప్పినారు.

ఆయప్ప నా మాట విన్నాడు. పన్నెండు రోజులకు మా ఇంటాయన తన కాళ్ల మీద ఆదోనిలో మా ఇంటికి వచ్చినాడు. ఇంక నెలకొకసారి ఎమ్మిగనూరు డాక్టరుకు చూపించుకోండి అని చెప్పి పంపినారు.

ఎమ్మిగనూరు డాక్టరు సన్నటి మనిషి, మాటలూ తక్కువే. మా ఆయన్ను తూచి, బీపీ చూసి, కాగితాలన్నీ చదివి, కండ్లద్దాలు తీసి టేబులు మీద పెట్టినాడు.

"నలభై రెండేండ్లకే గుండెకు దెబ్బ తగిలిందప్పా. కొంచెం కండ చచ్చిపోయింది. అది మళ్ల రాదు. మిగిలిన గుండెతో బతకాల. నీ ఒంటికి అంతటికీ అదే నెత్తురు తోయాల. ఒళ్లు తగ్గితే దానికి పని తగ్గుతుంది, బీపీ దిగుతుంది, నెత్తుట్లో కొవ్వు దిగుతుంది. పదహైదు కిలోలు తగ్గు."

"ఎప్పటికి సార్?"

"శ్రావణం దాకా టైమిస్తా."

"తగ్గకుంటే?" అన్నాడు మా ఆయన, నవ్వుతానే.

డాక్టరు నవ్వలేదు. "రెండోసారి వస్తుంది. రెండోసారికి లారీ దొరికేదాకా ఆగదు" అన్నాడు.

నెయ్యి బంద్. నూనె సగం. ఊరగాయ, అప్పడం, ఉప్పు పెట్టిన మిరపకాయలు ఇంట్లోనే ఉండగూడదు. రెండు జొన్న రొట్టెలు, పుండికూర, పప్పు, వెన్న తీసిన మజ్జిగ. మొదటి వారం వీధి చివరి దాకా నడక, ఆ తర్వాత వారం వారం కొంచెం కొంచెం పెంచాల. పక్కనోళ్లతో మాట్లాడుకుంటా నడవగలిగినంత వేగం చాలు, ఆయాసం వస్తే నిలబడాల. ఎండలో మటుకు పోగూడదు. ఇదంతా కాగితం మీద రాయించుకొని వచ్చి దేవుని పటం పక్కన అంటించినా.

తిండి సంగతి ఎట్లనో కుదిరింది గానీ నడకే పెద్ద తలనొప్పి అయ్యింది. మా కాలంలో పని లేకుండా నడిచే మనిషిని ఆదోనిలో ఎవురు చూసినారు? రెండో వారంలో తెల్లారి మా ఆయన ఎమ్మిగనూరు రోడ్డు పట్టుకొని నడిస్తే చాలు, "యాడికి భీమప్పా?" అని ఒకరు, "రాప్పా, బండెక్కు, దించుతా" అని ఇంకొకరు. యాడికీ లేదు, ఊరికే నడుస్తాండా అంటే, అయ్యో పాపం, జబ్బు తలకెక్కినట్లుంది అని జాలిగా చూసేది. మూడు రోజులకే ఆయన విసిగిపోయి ఇంట్లో కూర్చున్నాడు.

దానికి దోవ చెప్పింది రసూల్ సాబే. ఆయప్ప మార్కెట్లో హమాలీల మేస్త్రీ. మా ఆయన కాటా పట్టుకుంటే ఆయప్ప పత్తి బోరాలు ఎత్తించేవాడు. ఇరవై ఏండ్ల జత.

"అరె భీమప్పా, ఒక చెంబు పట్టుకో. చెంబు పట్టుకొని పోయేవాణ్ని ఏ కాఫిరు అయినా, ఏ ముసల్మాను అయినా యాడికి అని అడుగుతాడా?"

ఆ పొద్దు నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పొచ్చింది. కానీ మంత్రం వేసినట్లు పని చేసింది. మర్నాటి నుంచి చేతిలో చెంబు, పక్కన రసూల్ సాబు, ఇద్దరూ మాట్లాడుకుంటా పోయేది, వచ్చేది. అడిగేవాడు లేడు. నెలకు మా వీధిలో కొత్త మాట పుట్టింది. భీమప్పకు కడుపు బాగా చెడిందంట, ఊర్లో జాగా లేనట్లు రోజూ రెండు మైళ్లు పోతాడంట! పోనీలే, గుండె అని ఏడ్చేదానికంటే కడుపు అని నవ్వుకుంటే నాకేం.

ఆదివారం మార్కెట్టు సెలవు. ఆ పొద్దు ఇద్దరూ కాటా దగ్గరికి పోయి తూచుకొని వచ్చేవాళ్లు. ఆయన ఆ అంకె సుద్దముక్కతో తలుపు వెనక రాసేవాడు. తొంభై ఆరు. తొంభై నాలుగు. తొంభై మూడు. మే నెల సగానికి తొంభై ఒకటి. మిద్దె మెట్లు ముందు మూడు సార్లు నిలబడి ఎక్కే మనిషి, ఒక సందేళ ఏకబిగిన ఎక్కి పైనుంచి, "ఉరుకుందా, చూడే, ఊపిరి ఆడతాంది!" అని అరిచినాడు. ఎమ్మిగనూరు డాక్టరు బీపీ చూసి మొదటిసారి తల ఊపినాడు. మా ఇద్దరు పిల్లలు బళ్లో చదువుకుంటాండారు, ఆయన లేకుంటే మా గతి ఏమని ఉగాది నుంచి నా కడుపులో రాయి ఉండె. అది కొంచెం కదిలింది.

అప్పుడొచ్చింది మా అమ్మ గంగమ్మ, గోనెగండ్ల నుంచి, నెత్తిన నెయ్యి డబ్బా పెట్టుకొని.

అల్లుణ్ని చూసి గడప మీదే నిలబడిపోయింది. ఆయన మార్కెట్టుకు పోయేదాకా నోరు మెదపలేదు. పోయినాక నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరికేసింది.

"ఏం పాప, ఈరన్నకు మొక్కింటివే, ఎత్తు బెల్లమని. మొక్కు తీరిందా?"

"శ్రావణంలో కదమ్మా."

"మొక్కు తీరకముందే మనిషిని తగ్గిస్తాండావా? నువ్వు ఎవురి సొత్తు తగ్గిస్తాండావో తెలుస్తాందా నీకు? మొక్కిన నాడు అల్లుని తూకం ఎంత? ఇప్పుడెంత? పని అయినాక దేవునికి తక్కువ తూచి ఇస్తారా ఎవురన్నా? ఇచ్చినోడు వాపసు తీసుకోడానికి ఎంతసేపు సెప్పు!"

ఇది నాకెట్ల తోచలేదు? తలుపు వెనక ఒక్కొక్క అంకె తగ్గుతాంటే నేను సంతోషపడితిని. ఆ తగ్గిందంతా ఈరన్న బెల్లం. డాక్టరేమో తగ్గకుంటే రెండోసారి వస్తుందంటాడు. తగ్గితే ఈరన్న ఊరుకుంటాడా? ఎటు తిరిగినా ఆయనే పోయేట్లుంది. మా అమ్మ రెండు రోజులుండి పోయింది. ఆ రెండు రోజులూ, ఆ తర్వాతా నాకు ఒక చోట కూర్చోబుద్ధి కాలేదు. చేటలో బియ్యం చెరుగుతా మధ్యలో లేచి పోయేది, ఏమిటికి లేచినానో మర్చిపోయి మళ్ల వచ్చి కూర్చునేది. పొయ్యి మీద పాలు రెండుసార్లు పొంగిపోయినాయి.

ఆయన్ను అడగొచ్చు కదా అంటారు. అడగలేదు. ఎందుకంటే ఆయన సంగతి నాకు తెలుసు. ఇరవై ఏండ్లు కాటా పట్టిన మనిషి. రైతు బోరా నుంచి పిడికెడు పత్తి కింద పడినా తీసి మళ్ల వేసి తూచేవాడు. షావుకారు కన్ను గీటినా ముల్లు నిలబడేదాకా చెయ్యి తీసేవాడు కాదు. దేవుని దగ్గర తూకం తక్కువయితాది అని నేనంటే, తూకం తూకమే అని ఆ పొద్దే సంగటి ముద్దలు మింగడం మొదలుపెడతాడని భయం. కాబట్టి నేనే ఒక ఉపాయం చేసినా. తొంభై ఒకటికి ఆపుదాం, ఇంక తగ్గనియ్యకుండా శ్రావణం దాకా నిలబెడదాం. ఆ తక్కువైన ఏడు కిలోలకు తప్పు ఒప్పుకొని టెంకాయలు కొడదాం. మొక్కు తీరినాక డాక్టరు చెప్పినంతా తగ్గిద్దాం. రెండు నెలలే కదా! ఎంత తెలివైనదాన్నో చూడండి.

ఆ డబ్బాలో నెయ్యి పూటకొక గరిటె. రొట్టె పిండిలో కలిపి కాల్చేది. పుండికూరలో వేయించిన శనక్కాయ బుడ్డల పొడి పిడికెడు. మజ్జిగలో వెన్న తియ్యకుండా చిలికి పోసేది. ఆయన తింటా, "ఏమే, ఈ మధ్య కూర చానా కమ్మగుంది" అనేవాడు.

"నడిచొచ్చిన ఆకలి మీద ఏదైనా అట్లే ఉంటుందిలే" అనేదాన్ని. నా నోట్లో మన్ను పడ.

తలుపు వెనక అంకె నిలబడిపోయింది. తొంభై ఒకటి. మళ్ల ఆదివారం తొంభై ఒకటి. ఆ పై ఆదివారం తొంభై రెండు.

అది చూసి ఆయన చేసిన పని చెప్తే మీరు నమ్మరు. నన్ను అనుమానించలేదు. తన కాటాను అనుమానించినాడు! ఇరవై ఏండ్ల నుంచి కన్నబిడ్డ లెక్క చూసుకునే కాటాను విప్పి, దూలం ఆనే కత్తి తుడిచి, గొలుసులు కడిగి, తూకం రాళ్లన్నీ ఒక దాంతో ఒకటి సరిచూసినాడు. "నా కాటా నాకే అబద్ధం చెప్తాందా రసూలూ?" అని అడిగినాడంట. రసూల్ సాబు ఆయన్ను పిలుచుకొని పోయి జిన్నింగు మిల్లులో ఇంకో కాటా మీద తూచినాడు. ఆడా తొంభై రెండే. ఇంటికొచ్చి నా ఎదురుగ్గా కూర్చొని, "నేనే సరిగ్గా నడవడం లేదే ఉరుకుందా, ఇంకేముంది" అన్నాడు. అప్పుడైనా చెప్పింటే పోయేది. నోటి దాకా వచ్చింది మాట. ఈరన్న గుర్తుకొచ్చి మింగేసినా.

ఆ పొద్దు నుంచి ఆయనకూ నిలకడ లేదు. పొద్దున్నే పోయొచ్చినోడు సందేళ మళ్ల పోయేవాడు. మాటల్లేవు, నవ్వు లేదు. రసూల్ సాబు వెనకపడి, "మెల్లగ పో భాయ్, డాక్టరు ఏం చెప్పినాడు?" అని అరిచేవాడు. జూన్ నెల మొదట్లో, వాన చుక్క లేదు, నేల కాలిపోతాండె. ఒకరోజు మార్కెట్టులో సరుకు లేదని మిట్టమధ్యాహ్నం ఒక్కడే చెంబు పట్టుకొని పోయినాడు. గంటకు బోరాలు తోసే బండి మా గుమ్మం ముందర ఆగింది. బండి మీద మా ఆయన, తోసుకొచ్చింది రసూల్ సాబు. రైలు గేటు దగ్గర ఎద పట్టుకొని కూర్చున్నాడంట. చెంబు మటుకు చేతిలోనే ఉంది.

ఆ పూటే కారు మాట్లాడుకొని ఎమ్మిగనూరికి పోయినాం. దోవలో ఆయన, "ఇప్పుడు బాగుండానులే" అని రెండుసార్లు చెప్పినాడు. నేను ఆయన మొగం చూడలేకపోయినా.

డాక్టరు ఎదకు అట్టలు పెట్టి గీతల కాగితం తీసినాడు. చాలాసేపు చూసి, "రెండోసారి రాలేదు. వచ్చి గడప దాకా నిలబడి పోయింది" అన్నాడు. బీపీ మళ్ల మొదటికొచ్చింది. తూచినాడు.

"ఏం తింటాండావు?"

"రెండు రొట్టెలు, పుండికూర, మజ్జిగ సార్."

"నెయ్యి?"

"ఉగాది నుంచి చుక్క ముట్టలేదు."

డాక్టరు పెన్ను పక్కన పెట్టినాడు. "భీమప్పా, నాకు అబద్ధం చెప్పి నువ్వేం బాగుపడతావు? అంత నడక నడిచి ఆ తిండి తినేవాడు ఒళ్లు చెయ్యడు. దొంగతనంగా తింటాండావు."

మా ఆయన బల్ల మీద నుంచి లేచి నిలబడినాడు. ఆయనకు కోపమొస్తే గొంతు పైకి లేవదు, కిందికి పోతుంది. "సార్, ఇరవై ఏండ్లు కాటా పట్టినా. నా నోట అబద్ధం రాదు. మా ఇంటిదాన్ని అడుగు" అన్నాడు. నా దిక్కు తిరిగి, "చెప్పవే" అన్నాడు.

నేను నేల చూసినా. ఆ గదిలో నేల నల్ల బండలు, ఒక బండ మూల పగిలి ఉండె. డాక్టరు నన్ను చూసినాడు, ఆయన్ను చూసినాడు. నేను మాట్లాడకపోయేసరికి, "సరే, పోయి రండి" అన్నాడు. మా ఆయన చెవులు ఎర్రబడినాయి. మార్కెట్లో అంతమందిలో ఆయన్ను ఎవురూ అబద్ధాలకోరు అనింది లేదు. పెండ్లాము ఎదురుగ్గా, పెండ్లాము నోరు మూసుకోబట్టి ఆ మాట పడినాడు.

బయటికొచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాం. రసూల్ సాబు మందులు తేవడానికి పోయినాడు.

"నెయ్యి నేనే పోసినా" అంటి.

ఆయన తల తిప్పలేదు. "ఎంత?" అన్నాడు.

"పూటకు గరిటెడు."

"యా గరిటె?"

"పప్పు గరిటె."

"ఎన్నాళ్లు?"

"అమ్మ వచ్చిపోయినప్పటి నుంచి." మొక్కు సంగతి, తూకం సంగతి అంతా చెప్పినా. ఏడ్చుకుంటా చెప్పినా. ఆయన వింటాండాడో లేదో తెలీలేదు. వేళ్లు మడిచి ఏదో కూడుకుంటాండాడు.

"అయితే నా కాటా మంచిదే" అన్నాడు కడాకు. లేచి నేరుగా డాక్టరు గదిలోకి పోయినాడు. నేనూ వెనకే పోయినా, ఇంక పోకుండా ఎట్లుంటా? "సార్, ఇంట్లో ఒక పొరపాటు జరిగింది. సరిచేసుకుంటాం. నేను మటుకు అబద్ధం చెప్పలేదు, అది ఒక్కటి మీరు రాసుకోండి" అన్నాడు. అంతకంటే చెప్పలేదు. నా పేరు తియ్యలేదు. నాకే ఆగక మొక్కు సంగతి నేను చెప్పేసినా. డాక్టరు నవ్వుతాడనుకుంటి. నవ్వలేదు.

"మొక్కు ఎవురి కోసం మొక్కినావమ్మా?"

"ఈయన బతకాలని."

"మరి?" అన్నాడు.



ఇంటికొచ్చే దోవలో మా ఆయన కారు కిటికీ దిక్కు చూస్తానే, "మొక్కిన నాటి తూకం తొంభై ఎనిమిది. అది ఒకసారి తూగింది. దాన్ని మార్చే పని ఎవురికీ లేదు. ఈరన్నకు తొంభై ఎనిమిది కిలోల బెల్లం పోతుంది. నేను ఎంతుంటే ఆయప్పకేం?" అన్నాడు.

ఇంతేనా! ఇంత చిన్న మాట కోసం నేను రెండు మూడు వారాలు ఆయన కంచంలో విషం పోసినానా?

"నువ్వు అడగలేదు కదే" అన్నాడు. అంతే, మళ్ల ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఎత్తింటే బాగుండు. తిట్టింటే, ఒక దెబ్బ కొట్టింటే ఇంకా బాగుండు. ఆయన చేసింది ఒకటే. ఆ పొద్దు నుంచి ప్రతి ముద్దా నోట్లో పెట్టుకునే ముందు వాసన చూసేవాడు. కావాలని కాదు, పగతో కాదు. చెయ్యి దానంతట అది ముక్కు దగ్గర ఆగేది. నేను ఎదురుగ్గా కూర్చొని చూస్తా వడ్డించేది. నా వంట వాసన చూసి తినే మొగుడు! పదహారేండ్ల కాపురంలో నన్ను అంత ఏడిపించింది ఇంకోటి లేదు. మిగిలిన నెయ్యి డబ్బా గోనెగండ్లకు వాపసు పంపినా. అమ్మ ఒక నెల నాతో మాట్లాడలేదు, మాట్లాడకపోతే పోనీ.

డాక్టరు మూడు వారాలు కదలొద్దన్నాడు. ఆ తర్వాత మళ్ల వీధి చివరి నుంచి మొదలు. మొదటి రోజు ఆయన చెంబు తీసుకుంటే నేనూ చెప్పులేసుకొని బయల్దేరినా.

"నువ్వెక్కడికి?"

"నీతో."

"ఆడదానివి, ఊరంతా చూస్తారే."

"చూడనీ. నువ్వు వేగంగా పోతే ఆపేదానికి ఒకరుండాల."

చూసినారు. మొగుడూ పెండ్లాలు ఒక చెంబు పట్టుకొని పోతాండారని పగలబడి నవ్వినారు కూడా. నాకు సిగ్గు అనిపించలేదు. మొదటి వారం మేమిద్దరం మాట్లాడుకోలేదు. రెండో వారం ఆయన మార్కెట్టు సంగతులు చెప్పడం మొదలుపెట్టినాడు. మూడో వారం ఒక పొద్దున చెంబు ఇంట్లోనే మర్చిపోయినాం, సగం దూరం పోయినాక గానీ చూసుకోలేదు. ఎవురూ అడగలేదు, అడిగినా చెప్పేవాళ్లం. తలుపు వెనక అంకెలు మళ్ల దిగినాయి. తొంభై. ఎనభై ఎనిమిది. ఎనభై ఆరు. డాక్టరు ఒక మందు తగ్గించి, "చచ్చిన కండ రాదు భీమప్పా, కానీ మిగిలింది ఇప్పుడు నిమ్మళంగా పని చేస్తాంది" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన రొట్టె తుంచి కూరలో అద్ది నేరుగా నోట్లో పెట్టుకున్నాడు. నేను గ్లాసులో నీళ్లు పోస్తాండా, పోసిన నీళ్లు గ్లాసు దాటి నేల మీద పోయినాయి.

శ్రావణంలో ఒక సోమవారం ఉరుకుందకు పోయినాం. బస్సు టాపు మీద తొంభై ఎనిమిది కిలోల బెల్లం దిమ్మెలు, వాటికి కాపలాగా రసూల్ సాబు. "మా గల్లీలో సగం మంది ఈరన్నకు వస్తారు, నేనొస్తే తప్పా?" అని ఆయనే ఎక్కినాడు. జనం జనం, కాలు పెట్టే సందు లేదు. గుడి ముందర పెద్ద దూలానికి తక్కెడ వేలాడదీసినారు. ఒక దిక్కు మా ఆయన బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ఇంకో దిక్కు మేము దిమ్మెలన్నీ పేర్చినాం.

కట్టు వదిలేసరికి బెల్లం దబీమని నేలకు తగిలింది. మా ఆయన సర్రుమని గాల్లోకి లేచినాడు! గొలుసు పట్టుకొని, కాళ్లు ఊగులాడతా, చిన్నపిల్లోడి మాదిరి కండ్లు పెద్దవి చేసుకొని. చుట్టూ ఉన్న జనం ఒకటే నవ్వు. ఉగాది మర్నాడు ఆయన కిందికి పోతే నవ్వినారు, ఈ పొద్దు పైకి పోతే నవ్వినారు. ఆయనా నవ్వినాడు. నేనూ నవ్వినా, ఏడ్చినా కూడా.

"బెల్లం ఎక్కువుందమ్మా, తియ్యండి" అన్నాడు తక్కెడ చూసే ఆయన.

నేను ఒక్కొక్క దిమ్మె తీసి పక్కన పెట్టినా. మా ఆయన పైనుంచే ముల్లు చూస్తా, "ఇంకోటి. ఇంకోటి. ఆ చిన్నది పెట్టు మళ్ల. ఆగు, చెయ్యి తియ్యి" అంటాండాడు. ముల్లు నిలబడింది. ఎనభై నాలుగు. డాక్టరు చెప్పినదానికి ఒక కిలో తక్కువే తగ్గినాడు, పోనీలే. పక్కన పద్నాలుగు కిలోల కుప్ప మిగిలింది.

"అది కూడా ఆయప్పదే. మూట కట్టు" అన్నాడు దిగుతా.

పాత చీరలో మూట కట్టినా. రసూల్ సాబు వచ్చి, "ఇట్లియ్యి చెల్లీ, మాది మోసే పనే కదా" అన్నాడు. వద్దన్నా, ఇది నేను మోయాల. చంకనెత్తుకొని గుడి చుట్టూ తిరగడం మొదలుపెట్టినా. తిరగాల్సింది మూడు చుట్లు. మొదటి చుట్టు బాగనే ఉండె. రెండో చుట్టుకు నడుము పట్టేసింది, మూట నెత్తికెత్తుకుంటి. మెడ లోపలికి దిగబడింది. మూడో చుట్టు సగానికి ఊపిరి ఎగదన్నింది, చెవుల్లో గుండె కొట్టుకునేది వినపడతాండె, కండ్ల ముందర మసక. ఇంక అడుగు పడక గోడ పక్కన కూలబడినా, మూట ఒళ్లోనే పెట్టుకొని.

ఇదా! పావు గంట మోస్తే నాకిట్లుంది. ఈ మూట ఆయన పండుకున్నా లేసినా, మెట్లెక్కినా, నవ్వినా, పక్కన పెట్టే వీల్లేకుండా ఎన్నేండ్లు మోసినాడు? దెబ్బ తగిలిన గుండెతో దించుకుంటా దించుకుంటా పోతాంటే, దాంట్లో గరిటె గరిటె తెచ్చి పోసింది నేను. ఆ బెల్లం మూటను పట్టుకొని జనం మధ్యలో వెక్కి వెక్కి ఏడిస్తి.

మా ఆయన వచ్చి ముందర వంగినాడు. ఆయాసం లేదు, చెమట లేదు. "ఇట్లియ్యి ఉరుకుందా, మిగిలిన సగం నేను పట్టుకుంటా" అని చెయ్యి చాపినాడు.

నేను మూటను గట్టిగా పొదువుకున్నా. "వద్దులే అయ్యా. నువ్వు మోసింది చాలు."

నేను లేచి మిగిలిన సగం చుట్టు తిరిగినా. ఆయన రెండు చేతులూ ఊపుకుంటా నా ముందర దారి చేసుకుంటా నడిచినాడు.